నల్లవాడికి నలుపు పూసిన రంగస్థలం: అమెరికా వాడెవిల్ చరిత్ర నుంచి కొన్ని సంగతులు

మన కళల గురించి ఎక్కడ చర్చ పెట్టినా ఒక ప్రశ్న దగ్గర ఆగిపోతాం. డప్పు మన సొత్తా, మన మీద మోపిన వెట్టా? చిందు భాగోతం గర్వంగా చెప్పుకోవాల్సిందా, సిగ్గుపడి వదిలేయాల్సిందా? మానేస్తేనే మనుషులమవుతామని మన పెద్దలు కొందరు గట్టిగా నమ్మారు. 1994లో పుట్టిన దండోరా ఉద్యమమేమో అదే డప్పును మెడకేసుకుని ఊరూరా తిరిగింది. రెండిట్లోనూ నిజం ఉంది కనక ఈ చర్చ ఇప్పట్లో తెగేది కాదు. అయితే ఇది మనకొక్కరికే వచ్చిన ప్రశ్న కాదు. వందేళ్ల కిందట అమెరికాలో నల్లజాతి నటులకు ఇంతకన్నా పచ్చిగా ఎదురైంది. ఫూలే 1873లో 'గులాంగిరి'ని అంకితమిచ్చింది నీగ్రో బానిసల విముక్తికి పాటుబడిన అమెరికన్లకు. 1972లో బొంబాయి దళిత యువకులు తమ సంఘానికి పేరు తెచ్చుకున్నది బ్లాక్ పాంథర్ల నుంచి. ఆ బంధుత్వాన్ని బాగానే గుర్తుపెట్టుకున్నాం. కానీ వాళ్ల రాజకీయాలు చదివినంతగా వాళ్ల బతుకుతెరువు గురించి, అందులోనూ జనాన్ని నవ్వించి బతికిన వాళ్ల గురించి మేము చదవలేదు. ఈ వ్యాసం ఆ లోటు తీర్చుకునే ప్రయత్నం.

వాడెవిల్ అంటే ఒకే టికెట్టు మీద తొమ్మిదో పదో ముక్కలు చూపించే ఆట. పాట, డాన్సు, గారడీ, దొమ్మరి ఫీట్లు, కుక్కల ఆట, పొట్టి హాస్య నాటిక, ఇలా ఒకదాని వెనక ఒకటి వచ్చిపోతుంటాయి. వాటన్నిటినీ కలిపే కథంటూ ఏమీ ఉండదు. సినిమా, రేడియో నిలదొక్కుకునే దాకా అమెరికా పట్నాల్లో మామూలు జనానికి వినోదమంటే ఎక్కువగా ఇదే. 1881లో న్యూయార్కులో టోనీ పాస్టర్ అనే ఆయన సారా, బూతు లేని ఆట పెట్టి ఆడవాళ్లనీ పిల్లలనీ హాలుకు రప్పించాడు. 1885లో బోస్టన్‌లో బి.ఎఫ్. కీత్ పొద్దుటి నుంచి రాత్రిదాకా ఆట ఆపకుండా నడిపే పద్ధతి తెచ్చాడు. మర్యాదస్తుల వినోదమని కీత్ హాళ్లకు పేరు. తెర వెనక నోటీసులు అంటించి ఉండేవి. ఫలానా ఫలానా మోటు మాటలు స్టేజీ మీద అన్నవాళ్ల ఆట అక్కడికక్కడే రద్దు. మరి అదే స్టేజీ మీద నల్లవాణ్ణి 'కూన్' అని పిలుస్తూ పాట మీద పాట పాడొచ్చు, దానికి నోటీసు లేదు. రకూన్ అనే జంతువు పేరు కత్తిరించి చేసిన తిట్టది. మన దగ్గర కులం పేరే తిట్టయినట్టు అక్కడ రంగు తిట్టయింది. ఆ మర్యాద ఎవరి చెవుల కోసమో వేరే చెప్పక్కర్లేదు.

ఈ తిట్టు ఆట వాడెవిల్‌తో పుట్టింది కాదు. 1830 ప్రాంతాల్లో థామస్ రైస్ అనే తెల్ల నటుడు సీసా బిరడాలకు వాడే బెండును కాల్చి, ఆ మసి మొహానికి పూసుకుని, చినిగిన బట్టల్లో కుంటుతూ గెంతుతూ 'జిమ్ క్రో' అనే నల్లవాడి వేషం కట్టాడు. జనం విరగబడి చూశారు. 1843లో న్యూయార్కులో నలుగురు తెల్లవాళ్లు ఆ మసి వేషాలతోనే సాయంత్రమంతా నడిచే ఆట కట్టారు. దాన్నే మిన్‌స్ట్రెల్ షో అన్నారు. బానిసత్వం ఇంకా చట్టబద్ధంగా నడుస్తున్న కాలం అది. పత్తిచేలో కొరడా దెబ్బలు తింటున్నవాడు స్టేజీ మీదకొచ్చేసరికి దొరంటే ప్రాణం పెట్టే సోమరి, కోళ్ల దొంగ, పుచ్చకాయ చూస్తే లొట్టలేసేవాడు అయిపోయాడు. ఆ తర్వాత దక్షిణాది రాష్ట్రాల్లో నల్లవాళ్లను బండ్లలో, బళ్లలో, హోటళ్లలో విడదీసిన చట్టాలకు స్థిరపడిన పేరు కూడా 'జిమ్ క్రో'యే. 1896లో ప్లెసీ కేసులో అమెరికా సుప్రీం కోర్టు ఆ వేరుపాటుకు ముద్ర కొట్టింది. ముందు ఆటలో వేషం, ఆ తర్వాత చట్టం.

ఇక్కడొక పక్క సంగతి. ఈ మసి ఆట సముద్రం దాటి మన దేశానికీ వచ్చింది. 1860ల నుంచి డేవ్ కార్సన్ అనే మిన్‌స్ట్రెల్ నటుడు బొంబాయి, కలకత్తాల్లో ఆటలు వేశాడు. వచ్చీరాని ఇంగ్లీషు మాట్లాడే బెంగాలీ బాబును వెక్కిరించే ముక్క ఒకటి అందులో ఉండేది. కలకత్తా నటుడు అర్ధేందు శేఖర్ ముస్తఫీ ఊరుకోలేదు, తెల్లదొరను వెక్కిరించే వేషం కట్టి అదే నగరంలో జవాబిచ్చాడు. బాబుల చేతిలో స్టేజీ ఉంది, పత్రిక ఉంది, టికెట్టు కొని వచ్చే సొంత జనం ఉన్నారు. అందుకే అంత త్వరగా జవాబు చెప్పగలిగారు. అమెరికా నల్లవాడికి ఆ మూడూ లేవు. 1865లో బానిసత్వం పోయాక స్టేజీ ఎక్కే అవకాశం దొరికితే అది మిన్‌స్ట్రెల్ స్టేజీయే, అక్కడ చెల్లేది మసి మొహమే. అందుకని నల్లవాళ్ల బృందాల్లోనూ నటులు మసి పూసుకున్నారు, తెల్లవాళ్లు కట్టిన నల్లవాడి వేషాన్ని తిరిగి నల్లవాడే కట్టాడు.

బర్ట్ విలియమ్స్ కథ ఇక్కడ మొదలవుతుంది. 1874లో బహమా దీవుల్లో పుట్టి చిన్నప్పుడే అమెరికా చేరిన వాడు. ఛామన కన్నా తేలికైన రంగు, పొడుగు మనిషి, పుస్తకాల పురుగు. 1893లో శాన్‌ఫ్రాన్సిస్కోలో ఆయనకు జార్జ్ వాకర్ జతకలిశాడు. వాకర్ కాన్సస్ రాష్ట్రం వాడు, మందుల అమ్మకం బండ్ల ముందు పాడి ఆడి వచ్చిన కుర్రాడు. మరుసటి సంవత్సరం ఆ నగరంలో పెద్ద ఎగ్జిబిషన్ జరిగింది. అందులో ఆఫ్రికాలోని దహోమీ పల్లె ఒకటి కట్టారు. రావాల్సిన ఆఫ్రికన్లు సమయానికి రాలేదు. దాంతో ఊళ్లో ఉన్న నల్లవాళ్లను కూలికి పిలిచి తోళ్లు కట్టి ఆఫ్రికన్లుగా కూచోబెట్టారు. అలా కూచున్న వాళ్లలో వీళ్లిద్దరూ ఉన్నారు. అసలైన దహోమీ వాళ్లు వచ్చాక వాళ్లను దగ్గర నుంచి చూశామని, ఎప్పటికైనా స్టేజీ మీద ఆఫ్రికాను చూపించాలనే ఆలోచన అప్పుడే పుట్టిందని వాకర్ 1906లో ఒక నాటక పత్రికలో రాశాడు.

అయితే కడుపు నిండాలంటే ముందు తెల్లవాళ్ల బజారులో నిలబడాలి. అప్పటికి తెల్లనటులు మసి పూసుకుని తామే 'కూన్లు' అని బోర్డులు పెట్టుకుంటున్నారు. వీళ్లు తమ జంటకు 'ఇద్దరు నిజమైన కూన్లు' అని పేరు పెట్టుకున్నారు. చదివితే ఒళ్లు మండే మాటే. కానీ ఆ 'నిజమైన' అనే మాటలో ఒక పోటీ ఉంది: మా బతుకు మీరు అమ్ముకుంటున్నారు, ఆ సరుకు మాది అని. మొదట్లో విలియమ్స్ మసి పూసుకోలేదు. 1896 ప్రాంతంలో డెట్రాయిట్‌లో ఒకసారి సరదాకి పూసుకున్నాడు, జనం పడీ పడీ నవ్వారు, అంతే, ఇక చచ్చేదాకా కడుక్కోలేకపోయాడు. స్టేజీ మీద మాట్లాడిన దక్షిణాది నల్లవాళ్ల యాస కూడా ఆయన సొంతం కాదు, పరాయి భాషలాగా నేర్చుకున్నానని తర్వాత చెప్పుకున్నాడు. రంగూ అరువే, యాసా అరువే, 'నిజం' మాత్రం బోర్డు మీద ఉంది.

అప్పటి అమెరికాలో కూన్ పాటలు వెర్రిలా నడిచాయి. వాటిలో బాగా అమ్ముడుపోయిన వాటిలో ఒకటి, 1896లో వచ్చింది, ఎర్నెస్ట్ హోగన్ అనే నల్ల నటుడు రాసింది. నల్లవాళ్లంతా ఒకేలా కనపడతారనే అర్థం వచ్చే పేరు దానికి. తర్వాత ఆయనే దాని గురించి బాధపడ్డాడు. సంగీత దర్శకుడు విల్ మారియన్ కుక్ సంగతి ఇంకా మనసును పిండుతుంది. బెర్లిన్ దాకా వెళ్లి వయొలిన్ నేర్చుకున్న మనిషి. తెల్లవాళ్ల కచేరీ హాళ్లు ఆయనకు తెరుచుకోలేదు. చివరికి 1898లో ఒక రంగస్థల ప్రదర్శన కోసం యాస పాటలకు బాణీ కడుతుంటే వంటింట్లో ఉన్న తల్లి విని ఏడ్చింది. దేశదేశాలు తిప్పి చదివిస్తే చివరికి వాళ్లు కోరుకున్న నీగ్రోవే అయ్యావా అన్నది ఆమె బాధ. చదువుకుని ఊరికొచ్చి డప్పు పట్టిన కొడుకును చూసి మన ఇళ్లలో తల్లులు పడే బాధకు ఇది ఎంత దూరం? ఆ ప్రదర్శనే బ్రాడ్‌వేలో నల్లవాళ్ల సంగీతానికి దారి తెరిచిందన్నదీ నిజమే. తల్లి తప్పు కాదు, కొడుకూ తప్పు కాదు.

1900 ఆగస్టులో న్యూయార్కులో తెల్లమూకలు నల్లవాళ్ల మీద పడ్డాయి. ఆ గుంపులు వీధుల్లో పేర్లు పెట్టి అరిచాయట, విలియమ్స్, వాకర్, హోగన్లను పట్టుకోండి అని. ముందురోజు దాకా చప్పట్లు కొట్టి చూసిన వాళ్ల పేర్లవి! మసి మొహం నవ్విస్తే ద్వేషం తగ్గుతుందని చెప్పేవాళ్లకు ఈ ఒక్క సంగతి చాలు. మూకకు తెలిసిన నల్లవాళ్ల పేర్లు స్టేజీ మీదివే, అందుకని వాళ్లనే వెతికింది.

1903 ఫిబ్రవరి 18న ఈ బృందం 'ఇన్ దహోమీ' అనే సంగీత నాటకాన్ని బ్రాడ్‌వే నడిబొడ్డున, న్యూయార్క్ థియేటర్లో వేసింది. రాసిందీ, బాణీ కట్టిందీ, ఆడిందీ అందరూ నల్లవాళ్లే. బ్రాడ్‌వే పెద్ద హాల్లో అలాంటి పూర్తి నిడివి నాటకం అదే మొదలు. సంగీతం విల్ మారియన్ కుక్‌ది, పాటలు ఎక్కువగా కవి పాల్ లారెన్స్ డన్‌బార్‌వి, మాటలు జెస్సీ షిప్‌వి. జాతుల కొట్లాట లేస్తుందేమోనని ముందు కొందరు భయపడ్డారు. ఏమీ కాలేదు, ఎందుకంటే స్టేజీ మీద నల్లవాళ్లకు చోటిచ్చిన హాలు టికెట్టు కొన్న నల్లవాళ్లను మాత్రం పైన గ్యాలరీకే పంపింది. అదే సంవత్సరం లండన్‌లో ఆడారు, జూన్‌లో బకింగ్‌హామ్ రాజభవనంలో రాజు ముందు ఆడారు. ఆ తర్వాత 1906లో 'అబిసీనియా', 1908లో 'బండాన్నా ల్యాండ్'. ఈ నాటకాల్లో విలియమ్స్ మసి వదల్లేదు. వాకర్ మాత్రం మసి లేకుండా, ఖరీదైన సూట్లలో సోకులరాయుడిగా నిలబడేవాడు. ఆయన భార్య ఆయిడా ఓవర్టన్ వాకర్ డాన్సులన్నీ కూర్చేది. ఒకే స్టేజీ మీద ఇటు పాత వేషం, అటు దాన్ని దాటిపోయే వేషం. ఆ జంట అసలు బలం అదేనని మా అభిప్రాయం.

1909లో వాకర్ జబ్బున పడ్డాడు. ఆయిడా భర్త సూట్లు తొడుక్కుని, ఆయన పాత్ర తానే వేసి ఆట ఆగకుండా చూసింది. 1911 జనవరిలో వాకర్, 1914లో ఆయిడా పోయారు, ఇద్దరూ నలభై దాటకుండానే. ఈ చరిత్ర రాసిన చాలామంది ఆమెను 'భార్య' అన్న ఒక్క మాటతో సరిపెట్టారు. మన చరిత్రల్లోనూ అదే జబ్బు. నిజామాబాద్ జిల్లా చిందుల ఎల్లమ్మ మగవేషాలు కూడా కట్టి దశాబ్దాలు ఆడినా, ఆమె పేరు చదువుకున్న వాళ్లకు తెలిసింది ముసలితనంలోనే. ఆమె 2005లో చనిపోయింది.

వాకర్ పోయాక మిగిలింది మసి మొహం ఒక్కటే. 1910లో జీగ్‌ఫెల్డ్ అనే ప్రొడ్యూసర్ తెల్ల నటుల 'ఫాలీస్' ప్రదర్శనలోకి విలియమ్స్‌ను తీసుకున్నాడు. తోటి తెల్ల నటులు ముందు ససేమిరా అన్నారు. ఒప్పందంలో రెండు షరతులు: దక్షిణాదికి టూరు ఉండకూడదు, స్టేజీ మీద తెల్ల ఆడమనిషితో ఆయన ఒంటరిగా కనపడకూడదు. రెండోదాని వెనక చెట్లకు వేలాడిన శవాల భయం ఉంది. తెల్ల ఆడమనిషి మీద కన్నేశాడన్న ఒక్క మాట చాలు, నల్లవాడికి ఉరి పడే రోజులు. ఈ షరతులు విలియమ్స్ తన రక్షణ కోసం తానే కోరాడని కూడా అంటారు. దాదాపు పదేళ్లు ఆయన ఆ ప్రదర్శనలకు పెద్ద ఆకర్షణ. అంబేద్కర్ 1913 నుంచి 1916 దాకా కొలంబియాలో చదువుకున్న న్యూయార్కు సరిగ్గా ఈ న్యూయార్కే. హార్లెమ్ ఆ విశ్వవిద్యాలయానికి పక్కనే ఉంటుంది.

బుకర్ టి. వాషింగ్టన్ 1910లో విలియమ్స్‌ను మెచ్చుకుంటూ, జాతికి తనకన్నా ఆయనే ఎక్కువ మేలు చేశాడన్నట్టు రాశాడు. నల్లవాళ్ల పత్రికల్లో విమర్శలూ వచ్చాయి. విలియమ్స్ 1918లో ఒక పత్రికలో తన గురించి రాసుకుంటూ, నల్లవాడిగా పుట్టడంలో తనకు సిగ్గేమీ కనపడలేదని, కాకపోతే అమెరికాలో అది తరచూ ఇబ్బందిగా ఉంటుందని అన్నాడు. ఆ 'ఇబ్బంది' అనే మెత్తటి మాట వెనక హోటల్ వెనక మెట్లు ఉన్నాయి, సరుకుల లిఫ్టు ఉంది. మన చిందోళ్లు, భాగోతులు వేషంలో ఉన్నంతసేపు దేవుడు, అమ్మవారు. మొహం కడుక్కుంటే మళ్లీ వాడకవతలి మనిషి. విలియమ్స్‌కు తిరకాసేమిటంటే, ఆయన వేషంలో దేవుడు కూడా కాడు.

ఇంతకీ ఆ మసిని ఆయన మొహం మీద అతికించి ఉంచినదెవరు? జనం అభిరుచి అని సులభంగా అనేస్తారు. మేము వ్యాపారం వైపు చూడమంటున్నాం. 1906లో కీత్, ఆయన కుడిభుజం ఆల్బీ కలిసి యునైటెడ్ బుకింగ్ ఆఫీస్ పెట్టారు. పెద్ద హాళ్లలో ఆట కావాలంటే ఆ ఆఫీసు గుమ్మం తొక్కాల్సిందే. నటుడి జీతంలో నూటికి 5 వంతులు కమిషన్. పోటీ హాల్లో ఆడావా, నీ పేరు నల్లజాబితాలో పడుతుంది. తెల్ల నటులు 1900లో 'వైట్ ర్యాట్స్' అనే సంఘం పెట్టి సమ్మెలు చేశారు. 1917 సమ్మె విరిగిపోయింది. యజమానులు అప్పటికే సొంత తొత్తు సంఘం పెట్టించి, అందులో చేరిన వాళ్లకే పని అన్నారు. ఆ వైట్ ర్యాట్స్ సంఘం నల్లవాళ్లను చేర్చుకోలేదు. అంటే నల్ల నటుడికి యజమానీ పరాయే, కార్మిక సంఘమూ పరాయే. తెల్ల హాళ్లలో నల్లవాడు ఒంటరిగా స్టేజీ మీద నిలబడకూడదు, ఇద్దరుంటేనే ఆట అనే రాయని నియమం ఒకటుండేది. గొప్ప డాన్సర్ బిల్ రాబిన్సన్ పన్నెండేళ్ల పాటు జార్జ్ కూపర్‌తో జంటగా ఆడింది అందుకే. ఏ వేషానికి బుకింగ్ దొరుకుతుందో ఆ వేషమే బతుకుతుంది. నటుడు తన మనసు ఏం చెప్పినా మసి డబ్బా తాళం ఆఫీసులో ఉంది.

మరి సొంత జనం ముందు ఆడితే? 1910ల్లో షెర్మన్ డడ్లీ అనే నల్ల నటుడు వాషింగ్టన్‌లో హాళ్లు కొని, నల్లవాళ్ల కోసం నల్లవాళ్ల ఆటలు తిప్పే సర్కిట్ మొదలుపెట్టాడు. 1920లో 'థియేటర్ ఓనర్స్ బుకింగ్ అసోసియేషన్' వచ్చింది. హాలు యజమానుల్లో ఎక్కువమంది తెల్లవాళ్లే. దాన్ని పొడి అక్షరాల్లో టోబా అనేవాళ్లు. నటులు ఆ అక్షరాలకు 'నల్ల కళాకారులకు నరకం' అనేలాంటి వేరే అర్థం చెప్పుకునేవాళ్లు. జీతాలు తక్కువ, రైలు ఖర్చులు నటులవే, రాత్రి పడుకోను నల్లవాళ్ల ఇళ్లు వెతుక్కోవాలి. అయినా మా రైనీ, బెస్సీ స్మిత్, ఎథెల్ వాటర్స్ ఆ స్టేజీల మీదే రాటుదేలారు. విట్‌మన్ సిస్టర్స్ అనే అక్కచెల్లెళ్లు సొంత బృందం నడిపి, జీతాల దగ్గర మేనేజర్లతో కొట్లాడి గెలిచిన వాళ్లు. అక్కడ పాటల్లో ఇంటిగోల, మొగుడి దగా, వరద, జైలు అన్నీ వచ్చాయి. తెల్లవాళ్లకు వినాలనిపిస్తే అట్లాంటా లాంటి చోట్ల అర్ధరాత్రి వాళ్లకు మాత్రమే వేరే ఆట వేసేవాళ్లు.

అక్కడితో మసి పోయిందా అంటే, లేదు. నల్ల ప్రేక్షకుల ముందు కూడా హాస్యగాళ్లు చాలామంది మసి పూసుకునే వచ్చారు. పిగ్‌మీట్ మార్కమ్ 1940ల్లో కూడా హార్లెమ్‌లో అలానే ఆడాడు. సొంత జనం ఎందుకు నవ్వారు? అలవాటు అనొచ్చు. భాగోతంలో హాస్యగాడి వేషంలాగా అది కమెడియన్ యూనిఫాం అయిపోయిందనీ అనొచ్చు. ఇక్కడ మాలోనే ఏకాభిప్రాయం లేదు. మాలో కొందరు దీన్ని బానిస మనస్తత్వం అంటారు. నవ్వేవాళ్లు ఎవరన్నదాన్ని బట్టి వేషం అర్థం మారుతుందని మరికొందరు అంటారు. చిందు ఆటకు పోషకులు మాదిగలే, మిరాసీ హక్కు వాళ్ల దగ్గరే. అందుకే ఆ ఆటను దొరల ముందు ఆడిన ఆటతో ఒకే గాట కట్టలేం.

ఇదే ప్రశ్నకు అంబేద్కర్ ఒక జవాబు ఇచ్చాడు. మరాఠీ తమాషాలో పఠ్ఠే బాపూరావు పెద్ద పేరు. పుట్టుకకు బ్రాహ్మణుడు, పవళా అనే మహార్ కళాకారిణి ఆయన బృందానికి ప్రాణం. ఆయన ఉద్యమానికి చందా ఇవ్వబోతే, మహార్ ఆడవాళ్లను ఆడించి సంపాదించిన డబ్బు నాకొద్దని అంబేద్కర్ తిప్పి పంపాడు. ఆ కోపం మాకు అర్థమవుతుంది, ఆ తిరస్కారం అవసరమైనదే. కానీ ఆ చందా వెనకున్న పవళా కష్టాన్ని ఏ లెక్కలో రాయాలి? ఆమె చేతికి వచ్చిందెంత, ఆమెను చూసి ఊళ్లు ఊళ్లు కదలడంలో ఉన్న ప్రతిభ ఎవరిది? డబ్బును తిరస్కరించాం, సరే. పనిచేసిన మనిషిని చరిత్రలోంచి తిరస్కరించకూడదు కదా.

1922 ఫిబ్రవరిలో డెట్రాయిట్‌లో ఆట మధ్యలో విలియమ్స్ స్టేజీ మీదే కూలిపోయాడు. జనం అది కూడా ఆటలో భాగమనుకుని నవ్వారు. మార్చి 4న న్యూయార్కులో చనిపోయాడు, వయసు 47. పదేళ్లకు, 1932లో, వాడెవిల్‌కు గుడిలాంటి ప్యాలెస్ థియేటర్ సినిమా హాలైంది. తెల్లవాళ్ల మసి మొహం మాత్రం చావలేదు, 1927లో మాటలు నేర్చిన సినిమాలోకి అల్ జోల్సన్ మొహం మీదెక్కి ముందే వెళ్లిపోయింది.

విలియమ్స్ 1913లో బయోగ్రాఫ్ కంపెనీకి ఒక పెద్ద సినిమాలో నటించాడు. పూర్తి కాకుండానే మూలపడేశారు. ఆ ముడి రీళ్లు న్యూయార్క్ ఆధునిక కళా మ్యూజియం నిల్వల్లో ఉండిపోయాయి. 2014లో వాటిని కూర్చి జనానికి చూపించారు. అందులో విలియమ్స్ మొహానికి మసి ఉంది. చుట్టూ ఉన్న నల్ల నటీనటులు పదుల మంది తమ సొంత మొహాలతో, మంచి బట్టల్లో కేక్‌వాక్ ఆడుతున్నారు. గుర్రాల రంగులరాట్నం మీద తిరిగి, చివర్లో నాయిక ఒడెస్సా వారెన్ గ్రేకు ఆయన ముద్దు పెడతాడు. ఇద్దరు నల్లవాళ్ల ప్రేమను వెక్కిరింత లేకుండా చూపించడం ఆనాటి తెరకు కొత్త. టేకుకూ టేకుకూ మధ్య కెమెరా తిరుగుతూ ఉండిపోయిన ముక్కలు కూడా ఆ రీళ్లలో ఉన్నాయి. వాటిలో నటులు ఆట ఆపి మామూలుగా నిలబడి ఉంటారు.